వెదురు వచ్చేదాకా

1958 జూన్ 19, గురువారం. పంచాంగం ప్రకారం విళంబి నామ సంవత్సరం, ఆషాఢ శుద్ధ విదియ. ఊళ్లలో జగన్నాథుడి రథం లాగే రోజు. రథం నాడు నాలుగు చినుకులైనా పడి తీరుతాయని ఉత్తరాంధ్రలో అందరికీ నమ్మకం. ఆ వేళ మాత్రం పొద్దున్నించీ పడమటిగాలి ఈడ్చి కొట్టింది. ఆకాశం వెలిసిపోయిన పంచెలా ఉంది. దూరాన జాకరకొండ కొమ్ము మీద ఒక్క నల్లమబ్బు కూచుంది కాని, దానికి కిందికి దిగే ఉద్దేశం ఉన్నట్టు కనబడలేదు. ఆ గాలిలో, మామిడితోటలో ఉన్న మఠం పాకకి తాళ్లు బిగిస్తున్న తవిటినాయుడు, ఎన్నాళ్లనించో గొంతులో పెట్టుకున్న మాట గురువుగారిని అడిగేశాడు.

"గురువుగారూ, మన బోధ చాలా చిన్నది కదండీ. పొయ్యి మీద ఎసరు పెట్టి చెప్పడం మొదలెడితే అన్నం వార్చేలోగా అయిపోతుంది. ఇంత చిన్నదానికి ఇన్నేళ్లెందుకండీ?"

గురువుగారి పేరు పరదేశి. శిష్యుడు తవిటినాయుడు. ఆ రోజుల్లో పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతూంటే, తరవాత పుట్టినవాడికి పరదేశి అని పేరు పెట్టేవారు, వీడు మావాడు కాడు, ఎవరో దారిన పోయేవాడని యముణ్ణి నమ్మించడానికి. లేదా బిడ్డని చేటెడు తవుడుకి పొరుగావిడకి అమ్మి, మళ్లీ కొనుక్కుని తవిటయ్య అనేవారు. అలా ఒకడు పరాయివాడుగానూ, ఒకడు తవుడుగానూ లెక్కలోకి రాకుండా తప్పించుకుని, ఇద్దరూ ఆ పాకలో ఒకచోట చేరారు. పరదేశిగారు పూర్వాశ్రమంలో ఎలిమెంటరీ స్కూలు మేస్టారు. అచలబోధ, కదలనిదొకటే ఉందనే వేదాంతం, చెప్పే ఒక పెద్దాయన దగ్గర చేరి, బడి మానేసి, ఆయన తరవాత ఆ మఠంలో ఉండిపోయారు. మేస్టారు ఉద్యోగం వదిలినా దాని అలవాటొకటి ఆయన్ని వదలలేదు. ప్రశ్న వేసినవాడికి జవాబు చెప్పేవారు కారు, పని చెప్పేవారు. ఒకసారి ఎవరో వచ్చి దేవుడెక్కడున్నాడని అడిగితే, తట్టెడు చింతపండు ముందు పెట్టి గింజలు తీయమన్నారు. గింజలన్నీ తీసేసరికి అడిగినవాడు ప్రశ్న మరిచిపోయాడని కొందరంటారు, జవాబు దొరికిందని కొందరంటారు. మఠంలో వంట చేసే పైడమ్మ మాత్రం ఆ ఏడు చింతపండు బాగుందని అనేది.

తవిటయ్య అడిగిన దాని వెనక ఇంకో మాట ఉంది, అది గురువుగారికి తెలుసు. టౌనులో రైసుమిల్లు నడిపే కోట్ని సత్యంగారూ, ఆయన వెనక ఉన్న భక్తులూ కొత్తగా మఠం కట్టారు. పెంకుటిల్లు, నున్నటి అరుగులు, ముందు నందివర్ధనం చెట్లు. ఆషాఢ పున్నమి, అంటే గురుపూర్ణిమ నాడు అక్కడ ఒక గురువుని కూచోబెట్టాలి. తవిటయ్య గొంతు మంచిది, మాట నెమ్మది, మనిషి చూడ్డానికి నిండుగా ఉంటాడు. అతన్నే అడిగారు. ఒక్కటే చిక్కు: "ఇక నువ్వు చెప్పచ్చు" అని గురువు నోటితో అనాలి. అనకుండా శిష్యుడు చెప్పడం ఆ సంప్రదాయంలో లేదు. తన వాటా పొలం అన్నకి వదిలేసి, పెళ్లి ఊసెత్తకుండా, ముప్పయ్యైదు దాటేదాకా ఆ తోటకి నీళ్లు తోడిన మనిషి. ఆ పున్నమికి ఆ మాట రాకపోతే టౌనువాళ్లు ఇంకెవరినో చూసుకుంటారు. మళ్లీ అలాంటి పిలుపు రాదు.

గురువుగారు తాడు కొస అతని చేతిలోంచి తీసుకుని, తనే ముడేసి, గెడ్డ వైపు చూపించారు.

"మన వంపులో వెదురు చిక్కుకుంది చూశావా?"

"చూశానండి."

"దానితోపాటు సముద్రం దాకా వెళ్లిరా. చెయ్యి మాత్రం వెయ్యకు."

ఆ వెదురు సంగతి చెప్పాలంటే ముందు గెడ్డ సంగతి చెప్పుకోవాలి. ఆ ప్రాంతంలో కొండమీంచి దిగే చిన్న ఏటిని గెడ్డ అంటారు. దీని పేరు నేరేళ్లగెడ్డ. జాగ్రఫీ పుస్తకాల్లో దానికి చోటు లేదు. బళ్లో పిల్లలు పటం గీసి గోదావరినీ కృష్ణనీ నీలం పెన్సిలుతో దిద్ది దిద్ది ముక్కు అరగదీసేవారు కాని, పై మూల దీనికోసం ఒక్క గీత గీసినవాడు లేడు. పెద్ద నదులు దేశాలు తిరుగుతాయి, దారిలో చిన్నవాళ్లని కలుపుకుంటాయి, కలుపుకుని వాళ్ల పేర్లు మింగేస్తాయి. నేరేళ్లగెడ్డ ఎవరినీ మింగలేదు, ఎవరి నోట్లోనూ పడలేదు. జాకరకొండ మీద సవరగూడ వెనక బండల సందులో పుట్టి, రాయి నుంచి రాయికి గెంతుకుంటూ దిగి, నేరేళ్లవలస దగ్గర మఠం తోట చుట్టూ ఒక వంపు తిరిగి, దాసరిపేట వరిచేల మధ్య నెమ్మదిగా నడవడం నేర్చుకుని, మొగపేట దగ్గర సముద్రంలో పడిపోయేది. చద్దన్నం తిని కొండ దిగడం మొదలెట్టినవాడు దీపాలవేళకి సముద్రంలో కాళ్లు కడుక్కోవచ్చు. అంతే దాని బతుకు. కాని ఆ కాస్త దూరంలోనే ఎన్ని రకాల నీళ్లు. కొండ మీద తాగితే పళ్లు జివ్వుమనేవి. మఠం వంపులో నేరేడుపళ్లు రాలి నీళ్లు ఊదారంగు తిరిగేవి, ఆ రోజుల్లో స్నానం చేసి వచ్చినవాడి పంచె అంచు చూస్తే ఎక్కడ మునిగాడో తెలిసిపోయేది. దాసరిపేట దగ్గర దూడల వాసన వేసేవి. మొగపేట దగ్గర, పోటు మీద ఉన్నప్పుడు, నాలిక మీద వేసుకుంటే సగం కొండ, సగం సముద్రం. ఇప్పుడా నీళ్లు తాగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంత మంది కూడా ఉన్నారో లేరో.

వేసంగిలో గెడ్డ సన్నబడిపోయేది. సముద్రం అదను చూసి దాని మూతి మీద ఇసక పోసి మూసేసేది. గెడ్డ సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. వానలొచ్చి నీళ్లు పెరిగాక ఆ ఇసకకట్టని తెంపి మొగ తెరవాలి. ఆలస్యమైతే నీళ్లు వెనక్కి తన్ని చేలు మునుగుతాయి. తొందరపడితే ఏమవుతుందో మాత్రం ఎవరికీ తెలీదు, ఎందుకంటే ఎవరూ ఎన్నడూ తొందరపడలేదు. దానికొక ఆచారం ఉండేది. తొలకరి పడగానే కొండ మీద సవరలు ఒక పచ్చివెదురు నరికి, కొసన ఆకుల కుచ్చు ఉంచి, మొదలుకి పసుపు రాసి గెడ్డలో వదిలేవారు. పెళ్లికూతురు బయల్దేరిందనేవారు. అది ఏ వంపులో చిక్కుకుంటే అక్కడే ఉండాలి. దాన్ని ఎవరూ తొయ్యకూడదు, లాగకూడదు. నీళ్లు పెరిగి వాటంతట అవే దాన్ని లేవనెత్తాలి. "ఏమయ్యా, పెళ్లికూతురు మీ ఊళ్లో మకాం పెట్టిందటగా, మర్యాదలేమైనా చేస్తున్నారా?" అని కిందూరివాళ్లు పైఊరివాళ్లని ఎగతాళి చేసేవారు. వెదురు మొగ చేరిన రోజున మొగపేట పెద్ద దాని మొదలుతో ఇసక మీద గీత గీసేవాడు. ఆ గీత వెంట ఊరంతా కలిసి చిన్న కాలవ తవ్వేవారు. మిగతాది గెడ్డే చూసుకునేది.

తవిటయ్య ఒక కంబళీ, చెంబూ పట్టుకుని బయల్దేరాడు. బయల్దేరడమంటే ఏముంది, తోట దాటి వంపు దగ్గర చెట్టు కింద కూచున్నాడు. వెదురు నేరేడు వేళ్లలో మెడ ఇరికించుకుని, ఆకుల కుచ్చు ఊపుతూ అక్కడే ఉంది. మధ్యాహ్నం పైడమ్మ అన్నం తెచ్చి ముందు పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"ఇన్నేళ్లు చదివించి చివరికి నీకు కర్రకి కాపలా ఉద్యోగం ఇచ్చేడన్నమాట మీ గురువు."

"ఉద్యోగం కాదు అప్పా. ప్రశ్నడిగాను."

"అందుకే నేనేమీ అడగను. అడిగితే నాకే పని తగిలిస్తాడో."

ఆరుద్ర కార్తె వచ్చాక కొండ మీద వాన పడింది. ఒక సాయంత్రం గెడ్డ ఎర్రబారి, వేళ్లలోంచి వెదురుని మెల్లిగా పైకెత్తి, ఒక పక్కకి తిప్పి, తీసుకుపోయింది. తవిటయ్య గట్టు వెంట నడిచాడు. నడిచిన సేపుకంటే కూచున్న సేపే ఎక్కువ. దాసరిపేట దగ్గర పశువుల రేవులో మళ్లీ ఆగింది. రైతులు వచ్చి వెదురుని చూసి, అతన్ని చూసి, దండం ఎవరికి పెట్టాలో తేలక ఇద్దరికీ కలిపి ఒకటి పెట్టారు. అక్కడ పశువులు దాని పక్కనించి దిగి నీళ్లు తాగుతూంటే, ఏ గేదె కొమ్మైనా పొరపాటున దాన్ని తోస్తే బావుండునని అతనికి అనిపించింది. గేదెలకి ఆచారం తెలుసేమో, ఒక్కటీ తొయ్యలేదు. చందమామ ప్రతి సాయంత్రం కాస్త లావెక్కుతున్నాడు. నెలలో ఆ పక్షం అంత తొందరగా నడుస్తుందని తవిటయ్య అంతకుముందెప్పుడూ గమనించలేదు.

చివరి మలుపు మొగపేటకి కనుచూపు మేరలో ఉంది. అక్కడ మొగలిపొదలు నీళ్ల మీదికి వాలి ఉంటాయి. పున్నమి ముందురోజు పొద్దు బాగా ఎక్కాక వెదురు ఆ పొదల్లో దూరి ఆగిపోయింది. అవతల ఇసకకట్టా, దాని మీద ఆరేసిన వలలూ, వాటి వెనక సముద్రపు తెల్లటి అంచూ కనిపిస్తున్నాయి. ఈ వేళ మొగ తెరిస్తే, రేపు పొద్దున్న బయల్దేరి మఠం చేరవచ్చు. సత్యంగారి బండి వచ్చి ఉంటుంది. గురువుగారు చెప్పిన పని చేసి వచ్చానని ఎదట నిలబడవచ్చు. తవిటయ్య చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఒక కొంగ ఉంది కాని అది అటు తిరిగి ఉంది. అతను పంచె ఎగ్గట్టి నీళ్లలోకి దిగి, చేత్తో ముట్టుకోకూడదు కదా అన్నట్టు, కాలి మడమతో వెదురుని నెట్టాడు. అది ఎంత తేలిగ్గా కదిలిందంటే, ఇంతకాలం దీనికోసమా కూచున్నానని అతనికి నవ్వొచ్చింది.

మొగపేటలో పిల్లలూ పెద్దలూ పరిగెత్తుకొచ్చారు. ఊరి పెద్ద మైలపిల్లి నూకయ్య వచ్చి వెదురుని ఒడ్డుకి తీసి, దాని ఆకుల్లో నీళ్లు దులిపి, గెడ్డ వైపు చాలాసేపు చూశాడు.

"నీళ్లు చూస్తే చాలనట్టుంది," అన్నాడు. "ఈ ఎదురేమో వొచ్చీసింది."

"నీటికి తెలీదేటి మరిదీ?" అంది అతని వదినె. "అది మోసుకొచ్చిందంటే సరిపోద్దనే కదా."

"అదీ నిజిమే. గెడ్డకంటే మనకెక్కువ తెలుసేటి."

ఆ క్షణంలో తవిటయ్య నోరు విప్పవలసింది. నాలిక దాకా వచ్చింది. కాని గీత గీయడానికి అందరూ నవ్వుతూ పక్కకి తప్పుకుంటున్నారు, ఒక ముసలమ్మ అతని చేతిలో కూడా పార పెట్టింది, పిల్లలు కేకలు పెడుతున్నారు. చెప్పడానికి చోటు లేనట్టనిపించింది. అలాంటప్పుడు మనిషికి చోటు లేకపోవడం ఎంత హాయిగా ఉంటుందో. అతనూ తవ్వాడు. కాలవ తెగింది. గెడ్డ ఇసక మీద నాలుగడుగులు నడిచి, సముద్రంలోకి జారింది. ఏటా అయితే అక్కడ నీళ్లు గట్లు కోసుకుంటూ, చూస్తూండగానే కాలవని ఏరు చేసేసేవి. ఆ ఏడు మాత్రం పిల్లకాలవలా, సిగ్గుపడుతున్నట్టు పారింది. సాయంత్రం వాళ్లింట్లో తవిటయ్యకి కవ్వాళ్ల పులుసు పోసి అన్నం పెట్టబోయి, మఠం మనిషి చేప తినడని గుర్తొచ్చి, నవ్వుకుని చింతపండు చారు పోశారు.

పున్నమి పోటంటే సముద్రానికి పండగ. చీకటి పడ్డాక పోటెక్కి, బయటికి పోవలసిన దారినే లోపలికి వచ్చింది. తెల్లవారి చూస్తే, వచ్చిన అలలే ఇసక తెచ్చి మొగ మూసేసి పోయాయి. ఉప్పునీళ్లు లోపల ఉండిపోయాయి. మొగపేటవాళ్లు గంగపుత్రులే అయినా ఊరి వెనక కాసిని మళ్లల్లో వరి వేసుకునేవారు. వానాకాలంలో సముద్రం పడవలని రానివ్వని రోజుల్లో వాళ్లకి అవే తిండి. ఆ మళ్ల కోసం పోసిన నారు, జానెడు కూడా ఎదగని లేతనారు, ఉప్పునీళ్లలో తల వాల్చి ఉంది. ఊరంతా గట్టు మీద నిలబడి చూస్తున్నారు. ఎవరూ ఏడవలేదు, ఎవరూ అరవలేదు. అర్థం కాక చూస్తున్నారు. వాళ్ల తాతల నాటినించీ ఎన్నడూ తప్పని వెదురు తప్పింది.

తవిటయ్య నూకయ్య దగ్గరకెళ్లి చెప్పాడు. చాలాసేపు చెప్పాడు. టౌను సంగతి, పున్నమి సంగతి, తను సేవ చేసిన ఏళ్ల సంగతి, చేత్తో కాదు కాలితోనే అన్న సంగతి, అన్నీ చెప్పాడు.

"అయితే ముట్టుకున్నావా," అన్నాడు నూకయ్య. అతని మొహంలో కోపంకంటే ఊరట ఎక్కువ కనిపించింది. "అదీ సంగతి. గెడ్డ తప్పలేదన్నమాట."

నూకయ్య వదినె మాత్రం తవిటయ్యని కిందనించి పైదాకా చూసింది. "మాకు సెప్తే ఏటి లాభం నాయినా? మా కాడ నారు లేదు కదా. పైఊళ్లోళ్లకి సెప్పు. నారెక్కువున్నోళ్లు ఇస్తారు."

అలా తవిటయ్య ఏ గట్టు వెంట దిగాడో ఆ గట్టు వెంటే పైకి బయల్దేరాడు. నారు ఎందుకు కావాలో చెప్పకుండా నారు అడగడం కుదరదు. దాసరిపేట రచ్చ మీద నిలబడి మొదలుపెడితే సగం ఊరు పోగైంది.

"మీరు బోధ సెప్పేవోరు కదండి?" అన్నాడొక రైతు, చుట్ట నోట్లోంచి తీసి.

"ఇంకా కాదండి."

"సంసారాన్నే ముట్టుకోకుండా ఉన్నారు గదా, ఓ కర్రని ముట్టుకోకుండా ఉండలేకపోయేరా?"

నవ్వులు. ఎగతాళి చేసినవాళ్లే మళ్లలోకి దిగి నారు పీకారు. కట్టలు కట్టి కిందికి పోయే బండిలో వేశారు. అక్కణ్ణించి పైన ఒక్కొక్క ఊళ్లోనూ అదే కథ చెప్పాలి. మొదటి ఊళ్లో చెప్పడానికి వక్క నమిలినంతసేపు పట్టింది. తరవాతి ఊళ్లో పున్నమి సంగతి మానేశాడు. ఆ తరవాత టౌను సంగతి రాలేదు. మరో ఊళ్లో, కాలా చెయ్యా అన్నది ఎవరికీ అక్కర్లేదని తెలిసింది. మఠం దగ్గరికొచ్చేసరికి అతని దగ్గర రెండు ముక్కలే మిగిలాయి.

మఠం ముందు సత్యంగారి బండి ఆగి ఉంది. ఎడ్ల కొమ్ములకి బంతిపూలు కట్టారు. సత్యంగారు పట్టుకండువా సర్దుకుంటూ అరుగు మీద కూచున్నారు. గురువుగారు పాక నీడలో ఈనెలు చీరుతున్నారు. తవిటయ్య మోకాళ్ల దాకా బురదతో వచ్చి నిలబడ్డాడు.

"తొందరపడి ముట్టుకున్నానండి. కిందివాళ్ల నారు పోయింది."

గురువుగారు ఈనెలు పక్కన పెట్టి లేచారు. మఠానికి తోట పక్కన చిన్న నారుమడి ఉంది, పైడమ్మ పోసింది. ఆయన పంచె పైకి దోపుకుని అందులోకి దిగి, వంగి, గుప్పెళ్లు గుప్పెళ్లుగా నారు పీకి, వేళ్ల మట్టి నీళ్లలో జాడించి, కట్ట కట్టి అతని చేతికిచ్చారు. వయసైన నడుం, లేచేటప్పుడు తవిటయ్య భుజం పట్టుకున్నారు.

"చాలుతాయా?"

"చాలవండి."

సత్యంగారు అప్పటికి రెండుసార్లు దగ్గారు. "పొద్దు పోతోంది నాయుడూ. టౌనులో జనం కూచుని ఉంటారు. గురువుగారూ, తమరు ఆ ఒక్క మాటా అనేస్తే..."

గురువుగారు మళ్లీ ఈనెల దగ్గర కూచున్నారు. తవిటయ్య నారుకట్ట సత్యంగారి బండిలో పువ్వుల పక్కన పెట్టాడు.

"కిందికే పోతారు కదండీ, దాసరిపేట దారిలో దీన్ని దింపెయ్యండి. పైన ఇంకా ఊళ్లున్నాయి నాకు."

సత్యంగారికి ఒక నిమిషం దాకా అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎడ్లని అదిలించారు. పైడమ్మ గుమ్మంలో నిలబడి, వెళ్తున్న బండినీ, వెళ్తున్న మనిషినీ మార్చి మార్చి చూసి, పెట్టిన ఎసట్లోంచి ఒక మానికెడు నీళ్లు తీసేసింది.

పైఊళ్లన్నీ అయ్యాక కొండెక్కాడు. సవరగూడలో నారుమళ్లుండవు. కాని వెదురు పంపినవాళ్లకి చెప్పకుండా దిగిపోవడం అతనికి మనసొప్పలేదు. గూడ పెద్ద ఎండయ్య తాటాకు గొడుగు కింద జీలుగుకల్లు తాగుతూ కూచుని, ఆ రెండు ముక్కలూ విన్నాడు.

"ఎదురు పోయిందా?"

"పోయింది."

"గెడ్డ పోనేదు కదా."

అతను లేచి కత్తి తెచ్చి తవిటయ్య చేతికిచ్చి, ఒక పొద చూపించాడు. ఏడాదికి ఒక్కటే కదా వెదురు, అన్నాడు తవిటయ్య. ఎవరన్నారు, అని ఎండయ్య అడిగాడు. ఏటా ఒకటే సరిపోయింది గనక ఒకటే వేశాం. తవిటయ్య వెదురు నరికి, ఆకుల కుచ్చు ఉంచి, ఎండయ్య పెళ్లాం ఇచ్చిన పసుపు రాసి, బండల సందులో పుట్టిన నీళ్లలో దాన్ని దింపాడు. ఆ రాత్రి పట్టిన వాన ఎప్పటికో గాని వెలవలేదు. అతను కొండ దిగేసరికి వెదురు మఠం వంపు దాటిపోయింది. దాసరిపేటవాళ్లు దాన్ని చూడనే లేదట, అంత జోరుగా పోయిందట. మొగపేటలో ఆ ఏడు మొగ తెరుచుకున్న చప్పుడు వరిచేలదాకా వినిపించిందని చెప్పుకునేవారు. పైఊళ్ల నారు పది రకాలది, ఒకటి ముందూ ఒకటి వెనకా పండి ఆ ఏడు మొగపేట మళ్లు అతుకులబొంతలా ఉన్నాయి. నూకయ్య వదినె కోత కోస్తున్నన్నాళ్లూ తవిటయ్యని తలుచుకుని తిట్టింది. తిడుతూనే కొత్తబియ్యం ఒక సంచీ మఠానికి పంపించింది.

టౌనువాళ్లు ఆ పున్నమికే ఇంకెవరినో తెచ్చి కూచోబెట్టారు. ఆయనా మంచివాడే. తవిటయ్య మామిడితోటకి నీళ్లు తోడుకుంటూ ఉండిపోయాడు. అప్పుడు అడిగిన ప్రశ్న మళ్లీ అడగలేదు. గురువుగారూ ఎత్తలేదు. కాని గెడ్డ పొడుగునా ఊళ్లన్నింటికీ అతను తెలిసినవాడైపోయాడు. ఇళ్లలో తగువులొస్తే, మనసు బాగోకపోతే, చెయ్యకూడనిది చేసినవాడికి నిద్ర పట్టకపోతే, మఠానికి వచ్చి ముందు గురువుగారికి దండం పెట్టి, తరవాత బావి దగ్గరికెళ్లి తవిటయ్య పక్కన నిలబడేవారు. అతను చేద లాగుతూ ఏదో ఒకటి రెండు ముక్కలనేవాడు. వాళ్లు వెళ్లిపోయేవారు. గురువుగారు అరుగు మీదనించి చూస్తూండేవారు.

ఇప్పుడు నేరేళ్లవలస పైన కాంక్రీటు ఆనకట్ట ఉంది. మొగ దగ్గర రాళ్లు పేర్చి దారి ఎప్పుడూ తెరిచే ఉంచారు. ఎప్పుడు తెరవాలన్న సందేహం ఎవరికీ లేదు, ఎవరూ ఎవరికోసమూ ఎదురు చూడనక్కర్లేదు. మంచిదే. సవరగూడ పిల్లలకి వెదురు నరికి నీళ్లలో వదిలేవారంటే నవ్వొస్తుంది. నేరేడుచెట్లు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయాయి. పేరు మాత్రం బోర్డు మీద మిగిలింది. ఆకుల కుచ్చు ఊపుకుంటూ మలుపు తిరిగే ఆ పచ్చి వెదురుని చూడ్డానికి బళ్లో పిల్లలు పలకలు వదిలేసి గట్టెక్కిన రోజులు, చెప్పుకోవడానికి తప్ప ఇంకెందుకూ పనికిరావు.

గురువుగారు ఆ వెదురు తప్పిన ఏటి తరవాత ఇంకొన్నేళ్లు బతికారు. ఒక మాఘమాసంలో, చలి విడిచి మామిడి పూత వాసన పాకలోకి వస్తున్న రోజుల్లో, ఆయనకి తన పని అయిపోవచ్చిందని తెలిసింది. అందరికీ కబురు పెట్టమన్నారు. కిందినించి నూకయ్యా, కొండమీంచి ఎండయ్యా వచ్చారు. టౌనునించి సత్యంగారూ వచ్చారు. ఆయన మనసులో ఏ కోపమూ మిగల్లేదు, జుట్టు మాత్రం నెరిసింది. గురువుగారు మంచం మీద దిండుకి ఆనుకుని, బళ్లో బహుమతులు పంచినట్టు ఒక్కొక్కరినే పిలిచి పంచారు. తంబుర టౌను మఠానికన్నారు. ఆవునీ దూడనీ పైడమ్మకి. తోట మొదట నేరేళ్లవలస ఊరిదే కనక మళ్లీ ఊరికే, పళ్లు మాత్రం బడిపిల్లలకి. కళ్లజోడు కొత్తగా వచ్చిన స్కూలు మేస్టారికి, ఆయనకి చత్వారం మొదలైందట. దుప్పటి నూకయ్యకి. గొడుగు ఎండయ్యకి ఇస్తే అతను అక్కడే తెరిచి చూసుకుని, మళ్లీ ముడిచి చంకలో పెట్టుకున్నాడు. పావుకోళ్లు ఎవరి కాలికీ సరిపోవని పొయ్యిలో పెట్టమన్నారు. అంతటితో గది ఖాళీ అయింది. తవిటయ్య కాళ్ల దగ్గర కూచుని ఆయన పాదాలు ఒత్తుతున్నాడు. అతని పేరు రాలేదు.

సత్యంగారు ఉండబట్టలేకపోయారు. మంచం మీదికి వంగి, నెమ్మదిగా అడిగారు.

"గురువుగారూ, నాయుడికేమీ ఇవ్వలేదు. కనీసం చెప్పచ్చన్న ఆ మాటైనా..."

గురువుగారు కళ్లు తెరిచి ఒకసారి తవిటయ్య వైపు చూసి, మళ్లీ మూసుకున్నారు.

"అడగడం మానేసినవాడికి ఏమిస్తాం బాబూ," అన్నారు.